పాత చిన్న ట్రాక్టర్ కొనే ముందు దాని గతం అడగండి



మన గ్రూపులో ఈ మధ్య వారానికొక ఫోటో వస్తోంది. బాగా కడిగి, టైర్లకు నల్ల రంగు కొట్టి, చింతచెట్టు కింద నిలబెట్టి తీసిన చిన్న ట్రాక్టర్ ఫోటో. కింద నాలుగు ముక్కలు ఉంటాయి: ఇన్ని హెచ్‌పీ, ఇన్ని గంటలు, పేపర్లు క్లియర్, ధర ఇంత, నేరుగా వస్తే కొంచెం తగ్గిస్తాం. దాని కింద పది మంది ఒకటే అడుగుతారు: "ఎన్ని గంటలు తిరిగిందన్నా?"

గంటలు అడగడం తప్పు కాదు. కానీ మా అభిప్రాయంలో అది నాలుగో ప్రశ్న. దానికి ముందు మూడు అడగాలి. ఈ బండి ఏం పని చేసింది? ఎవరి పేరు మీద, ఎవరి అప్పు మీద ఉంది? ఏ మందులు మోసింది? వీటిని మేము ఇనుము, కాగితం, మందు అని గుర్తు పెట్టుకుంటాం. గతంలో దెబ్బతిన్న ట్రాక్టర్ కొనకూడదని మేము చెప్పడం లేదు. ఇనుములో లోపం ఉంటే లెక్క వేసుకుని కొనవచ్చు. కాగితంలో లోపం ఉంటే అది తీరేదాకా ఒక్క రూపాయి ఇవ్వవద్దు. మందు గతం ఉంటే, మందు కొట్టే సామాను ఉచితంగా ఇచ్చినా మన షెడ్డు దరిదాపులకు రానివ్వవద్దు. మేము చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి వివరం.

ఎద్దును కొన్నట్టు కొనాలి

మన పెద్దలు దొడ్డబళ్ళాపుర దగ్గర ఘాటి సుబ్రహ్మణ్య జాతరకు పోయి ఎద్దులు కొనేవాళ్ళు. పళ్ళు చూసేవాళ్ళు, సుళ్ళు చూసేవాళ్ళు, నడిపించి చూసేవాళ్ళు. అంతటితో ఆగేవాళ్ళు కాదు. ఏ ఊరిది, ఎవరింట పెరిగింది, మెట్ట దున్నిందా మడి దున్నిందా, పొడిచే గుణం ఉందా అని పక్క ఊరి వాళ్ళను కూడా అడిగి తెలుసుకునేవాళ్ళు. ఇరవై వేల ఎద్దుకు అంత విచారణ చేసిన ఇంట్లో ఇప్పుడు రెండున్నర లక్షల బండిని ఫోన్‌లో ఫోటో చూసి అడ్వాన్సు కొడుతున్నారు. ఇది మాకు మింగుడుపడడం లేదు.

మనకు చిన్న ట్రాక్టర్ అవసరం పెరిగిన మాట నిజం. మేము దేవనహళ్ళి తాలూకా విజయపుర వైపు వాళ్ళం. 2008 లో విమానాశ్రయం వచ్చాక మా వైపు కూలీ మనిషి దొరకడం కష్టమైంది. బెంగళూరులో కట్టడం పనికి, గోదాముకు, సెక్యూరిటీకి పోతే వచ్చే కూలి మనం మల్బరీ తవ్వకానికి ఇవ్వలేం. జోడు సాళ్ళ పద్ధతిలో, అంటే రెండు సాళ్ళ మధ్య 3 అడుగులు, జోడుకూ జోడుకూ మధ్య 5 అడుగులు, మొక్కకూ మొక్కకూ 2 అడుగులు వదిలి వి1 నాటుకున్నవాళ్ళకు ఆ 5 అడుగుల సందులో చిన్న ట్రాక్టర్ చక్కగా పోతుంది. పెద్ద ట్రాక్టర్ పోదు, పోనిస్తే కొమ్మలు విరుగుతాయి. కొత్తది కొనే శక్తి అందరికీ లేదు కాబట్టి పాతది చూస్తాం. అందులో తప్పేమీ లేదు.

ఒక మాట ముందే చెప్తాం. చూడబోయేటప్పుడు టేపు తీసుకుపోండి. బండి వెడల్పు మూడున్నర అడుగులు ఉన్నా, దానితో ఇచ్చే రొటావేటర్ నాలుగున్నర ఉండవచ్చు. అప్పుడు మీ సందులో అది వేరును కోస్తుంది, డ్రిప్ పైపును చుట్టుకుంటుంది.

ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి

బెంగళూరు చుట్టుపక్కల అమ్మకానికి వచ్చే చిన్న ట్రాక్టర్లు మా కంటికి మూడు దారుల్లో కనిపిస్తున్నాయి.

మొదటిది ద్రాక్ష తోటలు. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపుర వైపు పందిరి ద్రాక్ష ఉంది. పందిరి కింద దూరడానికి ఎత్తు తక్కువ బండి కావాలి. కాబట్టి 15 నుంచి 28 హెచ్‌పీ దాకా ఉన్న చిన్న బండ్లను ముందు బాగా వాడినవాళ్ళు ద్రాక్ష రైతులే. తోట తీసేసినా, భూమి అమ్మేసినా ట్రాక్టర్ బయటికి వస్తుంది. కోలారు, చింతామణి వైపు టమాటా, క్యాప్సికం రైతుల బండ్లూ ఈ వరుసలోవే.

రెండవది లేఅవుట్లు. సైట్లు చేసేచోట చిన్న ట్రాలీ కట్టి ఇటుక, కంకర, జల్లి మోసిన బండ్లు. వీటి మీటర్‌లో గంటలు తక్కువే ఉండవచ్చు. కానీ ఆ గంటలు మెత్తటి మడిలో తిరిగినవి కావు, బరువు ఈడ్చినవి.

మూడవది సీజు చేసిన బండ్లు. కంతులు కట్టలేక ఫైనాన్స్ వాళ్ళు లాక్కుపోయి యార్డులో పెట్టి వేలం వేసేవి. నెలల తరబడి ఎండకు వానకు నిలబడి ఉంటాయి. ధర బాగా తక్కువగా ఉంటుంది, "ఉన్నది ఉన్నట్టు" అనే షరతు మీద అమ్ముతారు. అంటే రేపు ఏది బయటపడినా అడగడానికి వీల్లేదు.

ఏ దారిలో వచ్చిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ద్రాక్ష తోటదైతే మందు వెతకాలి. లేఅవుట్‌దైతే ఇనుము వెతకాలి. యార్డుదైతే కాగితం వెతకాలి.

ఇనుము గతం: లెక్క వేస్తే తీరేది

మన వాళ్ళు ఇంజను శబ్దం విని "బాగుంది" అంటారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు పోయేసరికే ఇంజను వేడిగా ఉంటే, "ఇప్పుడే పొలం నుంచి వచ్చింది" అంటే, ఒక గంట టీ తాగి కూర్చోండి. చల్లారాక మళ్ళీ స్టార్ట్ చేయమనండి. మొదట కొంచెం నల్ల పొగ వచ్చి తగ్గితే ఫరవాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం, రింగులు, లైనర్లు పోయాయి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి గాలి బుసబుసా కొడితే అదే జబ్బు. ఆయిల్ పుల్ల తీసినప్పుడు ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి.

తర్వాత హైడ్రాలిక్. రొటావేటర్ తగిలించి పైకెత్తి ఇంజను ఆపండి. అది పదిహేను నిమిషాలు దాదాపు అక్కడే నిలవాలి. కళ్ళముందే కిందికి దిగిపోతుంటే లోపల లీకు ఉంది. పీటీఓ షాఫ్ట్ పళ్ళు చూడండి. పళ్ళు సన్నబడి, అంచు మొన తేలి ఉంటే, మీటర్ 900 గంటలు చూపించినా నమ్మవద్దు. మీటర్ మార్చవచ్చు, షాఫ్ట్ పళ్ళు అబద్ధం చెప్పవు. క్లచ్ పెడల్ మీద రబ్బరు, సీటు కింది రేకు, స్టీరింగ్ చక్రం పట్టుకునే చోటు కూడా అలాగే.

నాలుగు చక్రాలకూ పవర్ ఉండే బండి అయితే టైర్లు తప్పకుండా చూడాలి. అందులో ముందు టైరుకూ వెనక టైరుకూ ఒక కొలత లెక్క ఉంటుంది. ఒక జత అరిగిందని చేతికి దొరికిన సైజు వేస్తే ఆ లెక్క తప్పుతుంది, ముందు గేర్లు ఒకదానితో ఒకటి కొట్లాడుతుంటాయి. పైకి కొత్త టైర్లు మెరుస్తాయి, లోపల గేరు పళ్ళు అరిగిపోతుంటాయి. కంపెనీ చెప్పిన సైజేనా అని పుస్తకంలో చూడండి, పుస్తకం లేకపోతే డీలర్‌ను అడగండి.

బండి నడుమ, ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట, వెల్డింగ్ గుర్తులు ఉన్నాయా చూడండి. కొత్త రంగు అక్కడ మాత్రమే కొట్టి ఉంటే ఇంకా బాగా చూడండి. బరువు మోసిన చిన్న బండ్లకు నడుము విరిగే చోటు అదే.

ఇవన్నీ ఉన్నా కొనవచ్చని మేము అంటున్నాం. ఎందుకంటే వీటికి ధర కట్టవచ్చు. మీ మెకానిక్‌ను వెంట తీసుకుపోండి, అమ్మేవాడి మెకానిక్‌ను కాదు. ఇంజను పని ఎంత, క్లచ్ ఎంత, టైర్లు ఎంత అని రాసుకుని, ఆ మొత్తాన్ని అడిగిన ధరలో తీసేయండి. ఒప్పుకుంటే తీసుకోండి, లేకపోతే దండం పెట్టి రండి.

ఇంకొకటి, సామాన్లు. మన వైపు దొరికే మోడళ్ళలో బెంగళూరు కంపెనీ వీఎస్‌టీ వాళ్ళ బండ్లు, మహీంద్రా, స్వరాజ్, కుబోటా చిన్న బండ్లు కనిపిస్తాయి. బ్రాండు పేరు కంటే మీ తాలూకాలో ఆ మోడల్ సామాను ఎన్ని రోజుల్లో వస్తుందనేది ముఖ్యం. ఇది మన ఊరి సమస్య మాత్రమే కాదు. జపాన్ వరి మడుల్లో వాడిన పాత కుబోటా చిన్న ట్రాక్టర్లను వ్యాపారులు అమెరికాకు తీసుకుపోయి అమ్మారు. వాటి మీద హెచ్చరికలు జపాన్ భాషలో ఉండేవి, మోడల్ వేరు కాబట్టి సామాన్లకూ సర్వీసుకూ ఇబ్బంది. కంపెనీ ఫిర్యాదు మీద 1997 లో అక్కడి వాణిజ్య కమిషన్ అలాంటి బండ్ల దిగుమతిని ఆపింది, 1999 లో కోర్టు కూడా దాన్ని సమర్థించింది. బండి మంచిదే కావచ్చు, దాని వెనుక సామాను లేకపోతే అది పంట మధ్యలో ఆగిపోయే బండే.

కాగితం గతం: తీరేదాకా రూపాయి ఇవ్వవద్దు

మేము పదో తరగతి చదివినవాళ్ళం. ఈ ఫారాలు మాకే అర్థమయ్యాయంటే ఎవరికైనా అవుతాయి. భయపడి ఏజెంటు చేతిలో పెట్టవద్దు.

మొదట ఆర్‌సీ. అందులో ఫైనాన్స్ పేరు, అంటే హైపోథికేషన్ రాసి ఉందా చూడండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే కూడా కనిపిస్తుంది. అప్పు తీరిపోయిందని నోటితో చెప్తే చాలదు. ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ, వాళ్ళు సంతకం చేసిన ఫారం 35 ఉండాలి, ఆర్‌టీఓలో ఆ పేరు కొట్టివేయాలి. కొట్టివేయనిదే బండి పూర్తిగా అమ్మేవాడిది కాదు. మీరు డబ్బు మొత్తం ఇచ్చినా, పాత కంతులు బాకీ ఉంటే ఫైనాన్స్ వాళ్ళు బండి కోసం మీ ఇంటికే వస్తారు.

ఆ రోజు ఎప్పుడు వస్తుందో మనకు తెలియదు. పురుగు నాలుగో జ్వరం లేచాక వచ్చిందనుకోండి. మొత్తం పంటలో తినే ఆకులో ఎనభై శాతం పైగా ఆ చివరి దశలోనే తింటుంది. ట్రాలీలో ఆకు తోలుకోవాల్సిన వారంలో బండి పోతే నష్టం బండి ధరతో ఆగదు.

రెండవది పేరు మార్పు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం, ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. "మన ఊళ్ళోనే కదా, పాత పేరు మీదే తిప్పుకో" అనే మాట వినవద్దు. 2018 లో సుప్రీం కోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది: బండి చేతులు ఎన్ని మారినా, ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని కింద లెక్క. అంటే పేరు మార్చకపోతే అమ్మినవాడికే పెద్ద ప్రమాదం. కాబట్టి నిజాయితీగా అమ్మేవాడు పేరు మార్చమని తనే తొందరపెడతాడు. అమ్మేవాడే "తర్వాత చూద్దాం" అంటే ఎందుకో ఆలోచించండి.

మూడవది సరిహద్దు. హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు రైతులు ఎక్కువగా బెంగళూరు వైపు వచ్చి కొంటున్నారు. కేఏ నంబరు బండి ఆంధ్రకు తీసుకుపోతే ఇక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తీసుకునే పోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి పెట్టుకుంటే అక్కడి రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఇప్పుడే ధరలో లెక్క వేయండి.

నాలుగవది నంబర్లు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో మీరే పోల్చి చూడండి. తుప్పు ఉంటే గుడ్డతో తుడిచి, అక్షరం అక్షరం చదవండి. రాపిడి పెట్టినట్టు, మళ్ళీ కొట్టినట్టు ఉంటే అక్కడి నుంచి లేచిపోండి. దొంగ బండి అవునా కాదా అన్నది ఎన్‌సీఆర్‌బీ వాళ్ళ వాహన్ సమన్వయ్ సేవలో చూసుకోవచ్చు. పోలీసు కేసు, పాత యాక్సిడెంట్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది అనేవి కూడా అడగండి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మారాలి.

యార్డులో వేలం బండి కొనేవాళ్ళకు ఒక మాట. ఫైనాన్స్ వాళ్ళ అమ్మకపు పత్రం, ఎన్‌ఓసీ, ఫారం 35 ఏ తేదీకి ఇస్తారో రాతలో తీసుకోండి. బండి చేతికొచ్చి కాగితాలు ఆరు నెలలు రాకపోతే అది మీ షెడ్డు ముందు నిలబెట్టిన ఇనుప బొమ్మ.

మందు గతం: మనకు మాత్రమే ఉన్న ప్రమాదం

ఇప్పటిదాకా చెప్పింది వేరుశనగ రైతుకైనా మామిడి రైతుకైనా వర్తిస్తుంది. ఇక్కడి నుంచి చెప్పేది మనకు మాత్రమే.

మన పురుగు కూడా ఒక పురుగే. టమాటాలో కాయతొలుచు పురుగును చంపడానికి తయారైన మందు పట్టు పురుగును ఇంకా సులువుగా చంపుతుంది. క్లోరాంట్రానిలిప్రోల్, ఇమిడాక్లోప్రిడ్, సింథటిక్ పైరిత్రాయిడ్లు చాలా తక్కువ మోతాదులో కూడా పట్టు పురుగుకు విషమే. పక్క పొలంలో మందు కొడితే గాలికి వచ్చిన తుంపరకే మన పంటలు పోయిన సంగతి ఈ గ్రూపులో అందరికీ తెలుసు. అలాంటిది ఐదేళ్ళు అదే మందులు మోసిన ట్యాంకును మన ఇంటికి మనమే తోలుకొస్తామా?

ద్రాక్ష తోట బండి అమ్మేవాళ్ళు చాలాసార్లు స్ప్రేయర్‌ను కూడా కలిపి ఇస్తారు. "ట్యాంకు ఫ్రీ అన్నా, ఊజీకి, తుక్రాకు కొట్టుకోవచ్చు" అంటారు. వద్దు. ట్యాంకు లోపలి గోడ, రబ్బరు పైపులు, పంపు, నాజిళ్ళు మందును పీల్చి పట్టుకుంటాయి. మూడుసార్లు కడిగినా నాలుగోసారి కొద్దికొద్దిగా వదులుతాయి. మీరు దానితో మల్బరీకి పోషకాలు కొట్టినా మందు కూడా కలిసే పోతుంది. ట్రాక్టర్ తీసుకోండి, స్ప్రేయర్ వదిలేయండి. దాని ధర తగ్గించమని అడగండి.

ట్రాలీ కూడా అంతే. మందు డబ్బాలు మోసిన ట్రాలీలో మల్బరీ కొమ్మలు వేయకూడదు. హుణసూరు, పిరియాపట్టణ వైపు నుంచి వచ్చిన బండి అయితే పొగాకు మోసిందా అని అడగండి. పొగాకులోని నికోటిన్ మన పురుగుకు విషం. డీజిల్, ఆయిల్ కారిన ట్రాలీలో వేసిన ఆకు వాసనకు పురుగు మూతి తిప్పుకుంటుంది.

"పది పురుగులకు ఆకు పెట్టి చూస్తే తెలిసిపోతుంది కదా" అని కొందరు అంటారు. మంచి అలవాటే, తప్పకుండా చేయండి. ట్రాలీని సబ్బు నీళ్ళతో, చాకలి సోడాతో కడిగి ఎండబెట్టి, రాత్రంతా కొమ్మలు అందులో ఉంచి, ఆ ఆకును వేరే తట్టలో ఇరవై పురుగులకు పెట్టండి. తల ఊపడం, పచ్చటి నీళ్ళు కక్కడం, ఒళ్ళు ముడుచుకోవడం కనిపిస్తే ఆ ట్రాలీ ఆకుకు పనికిరాదు. కానీ ఏమీ కనిపించకపోతే బాగుందని తేల్చుకోవద్దు. కొన్ని మందులు పురుగును అప్పటికప్పుడు చంపవు, ఎదుగుదలను మాత్రమే తప్పిస్తాయి. 1980 ల చివర్లో ఇటలీలో ఇదే జరిగింది. పండ్ల తోటల్లో ఫెనాక్సికార్బ్ అనే ఎదుగుదల మందు వాడారు. పట్టు పురుగులు చావలేదు. బాగా తిన్నాయి, లావెక్కాయి, కానీ గూడు కట్టలేదు. ఆ దెబ్బకు అక్కడి పట్టు పెంపకం కుదేలైంది. ఆకు ఖర్చు, కూలి, చాకీ డబ్బు అంతా పెట్టాక చంద్రికల మీద పురుగు ఊరికే తిరుగుతుంటే చూడడం కంటే బాధ ఏముంది?

మందు తర్వాత మట్టి. రొటావేటర్ కత్తుల మధ్య, టైరు గాళ్ళలో ఎండిన మట్టిని చూసి మనం పట్టించుకోం. టమాటా పొలాల మట్టిలో వేరుముడి నులిపురుగు ఉంటుంది, మల్బరీకి కూడా అదే పడుతుంది. వేరుకుళ్ళు కూడా మట్టితోనే పాకుతుంది. ఇంకో పట్టు రైతు బండి అయితే పురుగుల చెత్త, పెంట మోసి ఉండవచ్చు, అందులో పెబ్రిన్ ఉండవచ్చు. 1980 లో ఊజీ ఈగ కర్ణాటకలో అడుగుపెట్టింది బెంగాల్ నుంచి వచ్చిన గూళ్ళతోనే. మనం తెచ్చుకున్న సరుకుతోనే అది వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

కాబట్టి బండి ఇంటికి తెచ్చే ముందే, అమ్మినవాడి దగ్గరే, రొటావేటర్‌నూ టైర్లనూ మట్టి పూర్తిగా పోయేలా కడిగించండి. కడిగిన నీళ్ళు మీ మల్బరీలోకి పారకూడదు. తర్వాత 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల ఆరిన సున్నం కలిపి టైర్ల మీద, ట్రాలీ మీద కొట్టండి. అరగంట తర్వాత మంచినీళ్ళతో కడిగి ఇనుముకు నూనె రాయండి, లేకపోతే తుప్పు పడుతుంది. ఇది రోగానికి మాత్రమే పని చేస్తుంది. పురుగుమందుకు ఇది విరుగుడు కాదు, ఈ రెండూ కలిపి అనుకోవద్దు.

ఒక్క పంట లెక్క వేద్దాం. 200 గుడ్లకు 130 కిలోల గూళ్ళు, కిలోకు 500 అనుకుంటే 65,000 రూపాయలు. రెండు పంటలు పోతే లక్షా ముప్పై వేలు. పాత బండి కొని మిగిలించామని అనుకున్న డబ్బు అంతా అక్కడే పోయింది. ఏడాదికి ఐదు పంటలు తీసే ఇంటికి ఇది కూతురి ఫీజు, షెడ్డు లోను కంతు.

"ఇంత తలనొప్పి ఎందుకు, కొత్తది కొంటే పోలా?"

ఇలా అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ట్రాక్టర్ టైర్లూ సామాన్ల మీద 18 నుంచి 5 కు తగ్గింది. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండి ధర కూడా తగ్గాలి. అయినా పాత రేటునే చెప్తున్నవాళ్ళు ఉన్నారు. ముందు డీలర్ దగ్గర అదే మోడల్ కొత్త ధర రాయించుకుని, ఆ కాగితం చేతిలో పెట్టుకుని బేరం ఆడండి.

కానీ కొత్తది అంటే కంతు. గూటి రేటు మన చేతిలో లేదు. శిడ్లఘట్ట మార్కెట్‌లోనైనా రామనగర మార్కెట్‌లోనైనా ఈ రోజు ఉన్న రేటు వచ్చే వారం ఉంటుందని ఎవరూ చెప్పలేరు. ప్రతి నెలా తప్పనిసరి కంతు పెట్టుకుని, ఒక్క రెండు పంటలు తప్పితే, ఆ బండే యార్డుకు పోతుంది. అక్కడి నుంచి మన గ్రూపులో ఫోటో అయి వస్తుంది. యార్డులో చూసే చవక బండి ప్రతిదీ ఒక రైతు ఇంటి నుంచి పోయినదే. అది మరచిపోకూడదు.

మా లెక్క ఇలా ఉంది. రెండెకరాల మల్బరీకి ఏడాదికి ఐదుసార్లు దున్నితే పదెకరాల పని. దానికి సొంత ట్రాక్టర్ వద్దు, బాడుగ చాలు. కానీ బాడుగ బండి కూడా టమాటా పొలం నుంచి నేరుగా మీ తోటకు రాకూడదు, కడిగించే రానివ్వండి. నాలుగెకరాల పైన ఉంటే, లేదా ఇద్దరు ముగ్గురు పట్టు రైతులు కలిస్తే, మంచి గతం ఉన్న పాత బండి సరైన దారి. కలిసి కొనేటప్పుడు అందరూ మల్బరీ వాళ్ళే అయితే మేలు. ఒకరు టమాటా కూడా పెట్టేవాళ్ళయితే ఆ బండికి స్ప్రేయర్ తగిలించకూడదని ముందే రాసుకోండి. స్నేహం మీద నమ్మకం లేక చెప్పడం లేదు, పురుగుకు స్నేహం తెలియదు కాబట్టి చెప్తున్నాం.

మన గ్రూపుకు మా ప్రతిపాదన

ఇకపై ఈ గ్రూపులో ట్రాక్టర్ ఫోటో పెట్టేవాళ్ళు ఐదు విషయాలు తప్పక రాయాలని మా మనవి. ఒకటి, ఇప్పటిదాకా ఏ పంటలో, ఏ పనికి వాడారు. రెండు, స్ప్రేయర్ తగిలించారా, ఏ మందులు కొట్టారు. మూడు, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, ఫైనాన్స్ కొట్టివేశారా. నాలుగు, ఇంజను, క్లచ్, గేరుబాక్స్ ఎప్పుడైనా విప్పారా, ఎందుకు. ఐదు, ఎందుకు అమ్ముతున్నారు. గంటలు ఆరోది.

ఇవి రాయడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఇంజను విప్పామని రాసినవాడిని మనం తక్కువగా చూడకూడదు. అతని బండే నమ్మకంగా కొనవచ్చు. ఏమీ రాయకుండా "సూపర్ కండిషన్" అని మాత్రం పెట్టిన ఫోటో కింద ఎవరూ ధర అడగవద్దు, ఈ ఐదూ అడగండి. మనమంతా అడగడం మొదలుపెడితే ఏజెంట్లు కూడా చెప్పడం నేర్చుకుంటారు.

ఈ వారం బండి చూడబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక టేపు, ఒక గుడ్డ, మీ మెకానిక్, ఆర్‌సీ చదవగలిగే పిల్లవాడు, ఈ నాలుగూ వెంట ఉండేలా చూసుకోండి. చూసి వచ్చాక ఏం చూశారో గ్రూపులో రాయండి. కొన్నా, కొనకపోయినా రాయండి. మీరు వదిలేసి వచ్చిన బండి రేపు ఇంకొకరికి చూపిస్తారు, ఆ ఇంకొకరు కూడా మనలో ఒకరే.